బ్యాంకు గవాక్షం ముందు స్పానిష్ అక్షరాభ్యాసం

పరదేశం వెళ్ళిన మనిషికి ముందుగా కావలసినవి మూడు: తల దాచుకొనడానికి ఒక గది, కడుపు నింపుకొనడానికి ఇంత ఆహారం, తన డబ్బు తన చేతికి వచ్చే మార్గం. మొదటి రెండింటికీ సైగలతో పని జరిగిపోతుంది. మూడవ దానికి మాత్రం భాష కావాలి. ఈ సత్యం మాకు పుస్తకాల వల్ల గాక అనుభవం వల్ల తెలిసింది. మా తోటి ఉద్యోగులకు ఏనాటికైనా ఉపకరించవచ్చునన్న ఆశతో ఆ అనుభవాన్ని ఇక్కడ విన్నవించుకొంటున్నాము.

2019లో మా సంస్థ తరఫున మేము నలుగురము స్పెయిన్ దేశంలోని సారగోసా నగరంలో ఏడు నెలలపాటు శిక్షణ పొందవలసి వచ్చింది. మాద్రిద్‌కూ బార్సెలోనాకూ నడుమ, ఎబ్రో నది ఒడ్డున వెలసిన పురాతన నగరమది. బయలుదేరే ముందు రెండు వారాలు స్పానిష్ పాఠాలు చదివాము. నమస్కారము, ధన్యవాదములు, రైల్వే స్టేషను ఎక్కడ, ఈ వస్తువు వెల ఎంత అన్నంతవరకు వచ్చింది. ఇంకేమి, గెలిచి వస్తామనుకొన్నాము.

చేరిన మూడవనాడు భృతి జమ కావడానికి ఖాతా తెరవవలసి వచ్చింది. వీధిలో ఒక వృద్ధుణ్ణి ఆపి, 'బాంకో' ఎక్కడున్నదని అడిగాము. ఆయన ఎంతో ఆదరంతో మమ్ములను వెంటబెట్టుకొని వెళ్ళి, చెట్టు నీడనున్న సిమెంటు బల్ల చూపించి, కూర్చొనమని చెప్పి తన దారిన తాను వెళ్ళిపోయాడు. స్పానిష్‌లో 'బాంకో' అంటే బ్యాంకే కాదు, కూర్చొనే బల్ల కూడా అని అప్పుడు తెలిసింది. తరువాత విచారించగా ఇందులో చరిత్ర కూడా ఉన్నదని తేలింది. మధ్యయుగంలో ఇటలీ నగరాల వర్తకులు బజారులో బల్ల వేసుకొని నాణేలు మార్చేవారు. ఆ బల్ల పేరే వారి వ్యాపారానికి పేరై, ప్రపంచమంతా పాకింది. ఆ వృద్ధుడు మాకు తప్పు దారి చూపలేదు, మూలార్థం చూపించాడు!

తెలుగు నోటికి లొంగే భాష

స్పానిష్ నేర్వదలచిన తెలుగువానికి ఒక శుభవార్త. ఈ భాషలో పలుకు ఒకటి, వ్రాత ఒకటి అన్న బాధ చాలా తక్కువ. దాని వర్ణమాలలో అక్షరాలు 27 మాత్రమే. అచ్చులు అ, ఎ, ఇ, ఒ, ఉ అని ఐదు. అవి ఎక్కడ కనిపించినా మన అచ్చుల వలె నిలకడగా పలుకుతాయి. ఇంగ్లీషు వారికి కష్టమయ్యే త, ద లు మనకు పుట్టుకతో వచ్చినవే. మాటల్లో చాలా భాగం అచ్చులతో ముగుస్తాయి గనుక చెవికి పరాయివిగా తోచవు.

కొన్ని మెలకువలు మాత్రం గుర్తుంచుకోవాలి. 'హెచ్' అక్షరం వ్రాస్తారు గాని పలుకరు. 'జె' అక్షరాన్ని గొంతులోనుంచి 'హ' వలె పలుకుతారు. 'వి' అక్షరం 'బ'గా వినబడుతుంది. రెండు 'ఎల్'లు కలిసి వస్తే ఎక్కువ ప్రాంతాలలో 'య' అవుతుంది. ఆ ప్రకారమే బ్యాంకు కౌంటరును 'బెంతానియా' అంటారు. చిన్న కిటికీ అని దాని అర్థం. మన పూర్వులైతే గవాక్షమనేవారు. స్పెయిన్‌లో ఎక్కువ భాగం 'గ్రాథియాస్' అని ధన్యవాదాలు చెబితే, లాటిన్ అమెరికా దేశాలలో 'గ్రాసియాస్' అంటారు.

సంస్కృతం కొద్దిగా పరిచయమున్న వారికి మరొక ఆసరా ఉన్నది. స్పానిష్‌కు తల్లి లాటిన్. లాటిన్, సంస్కృతాలు ఒకే మూలకుటుంబంలోనివి. అందుచేత దరఖాస్తులో 'నోంబ్రె' అన్న గడి చూడగానే 'నామం' అని గుర్తు పట్టవచ్చును. 'దార్' అంటే ఇవ్వడం. మన 'దానం'లోని ధాతువే అది. 'దోస్, త్రెస్' అంటే రెండు, మూడు. 'సియేతె' అంటే ఏడు, 'న్వేబె' అంటే తొమ్మిది. ద్వి, త్రి, సప్త, నవ అనుకొంటే చాలు, మరపునకు రావు.

వరుసలో చివర ఎవరు?

బ్యాంకు తలుపు తీసుకొని లోపలికి అడుగు పెట్టగానే అక్కడున్న వారందరికీ కలిపి 'బ్వేనోస్ దీయాస్' అని శుభోదయం చెప్పడం మర్యాద. చెప్పకపోతే ఎవరూ ఏమీ అనరు గాని, చెప్పినవాని పని తేలికగా సాగుతుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదన్న మన సామెత అక్కడా చెల్లుతుంది.

తరువాత పలుకవలసిన మాట 'కియెన్ ఎస్ ఎల్ ఉల్తిమో?' అంటే చివరివారు ఎవరండీ అని. స్పెయిన్‌లో జనం ఒకరి వెనుక ఒకరు నిలబడకుండా అక్కడక్కడ కూర్చొని కబుర్లాడుకొంటూ ఉంటారు. వరుస లేదని మనం తిన్నగా కిటికీ దగ్గరకు వెళ్తే అపచారమే. వరుస కంటికి కనబడదు, మాటలో ఉంటుంది. క్రొత్తగా వచ్చినవాడు చివరివారు ఎవరని అడిగి, ఆ మనిషిని గుర్తు పెట్టుకొంటే వాని వంతు ఖరారైనట్లే. రేషన్ దుకాణం ముందు సంచి పెట్టి వంతు నిలుపుకొన్న మనవారికి ఈ పద్ధతి అర్థం కావడం కష్టం కాదు. అక్కడ సంచికి బదులు మాట పెడతారు. ఇప్పుడు చాలా చోట్ల అంకె వేసిన చీటీలు ఇచ్చే యంత్రాలు వచ్చినా, ఈ ప్రశ్న వాడుకలో నిలిచే ఉన్నది.

ఇక సంబోధన. మన మీరు, నువ్వు వలె వారికీ 'ఉస్తెద్', 'తూ' అని రెండున్నాయి. ఈ 'తూ' హిందీ 'తూ'కు జ్ఞాతే. యువకులు నేడు పరిచయం లేని వారినైనా 'తూ' అనేస్తున్నారు. అయినా క్రొత్తవాడు, అందునా బ్యాంకులో, 'ఉస్తెద్'ను ఆశ్రయించడమే క్షేమం. గౌరవం ఎక్కువైనందుకు ఏ దేశంలోనూ ఎవరూ కోపగించుకోరు.

పరిచితముల వలె కనబడే అపరిచితములు

ఇంగ్లీషు వచ్చును గదా, సగం స్పానిష్ వచ్చినట్లే అనుకొని మేము బోల్తా పడిన సందర్భాలు అనేకం. ఖాతా దరఖాస్తు అడుగున 'ఫీర్మా' అని ఒక గడి ఉన్నది. ఫర్మ్ పేరు అడుగుతున్నారని భావించి నలుగురమూ మా సంస్థ పేరు పొడి అక్షరాలతో చక్కగా వ్రాసి ఇచ్చాము. ఉద్యోగిని నవ్వు ఆపుకొని క్రొత్త కాగితాలు ఇచ్చింది. 'ఫీర్మా' అంటే సంతకం. 'ఫీర్మె అకీ' అంటే ఇక్కడ సంతకం చేయండి అని.

మరొకనాడు ఖాతాలో నిల్వ ఎంతో తెలుసుకొనబోయి, 'నా స్వెల్దో ఎంత?' అని అడిగాము. 'సాల్దో' అంటే నిల్వ; 'స్వెల్దో' అంటే జీతం. మీ జీతం మాకెలా తెలుస్తుందండీ అన్నట్లు ఆమె భుజాలు ఎగురవేసింది. 'ఎఫెక్తీబో' అంటే ప్రభావం గలదని కాదు, ఇక్కడ రొక్కం. 'కార్గో' అంటే ఓడ సరుకు కాదు, మన ఖాతానుంచి పోయిన సొమ్ము. 'అబోనో' అంటే ఖాతాలోకి వచ్చినది. పాసుపుస్తకంలో ఈ చివరి రెండు మాటలు గుర్తు పట్టగలిగితే లెక్క సగం చూడగలిగినట్లే. ఆ పాసుపుస్తకాన్ని 'లిబ్రేతా' అంటారు.

డబ్బు తీయడానికి 'సకార్ దినేరో' అన్నది నిత్యవ్యవహారంలో మాట. యంత్రం మీద 'రెతిరార్ ఎఫెక్తీబో' అని కనబడుతుంది. డబ్బు వేయడం 'ఇన్‌గ్రెసార్'. ఒక ఖాతానుంచి మరొక ఖాతాకు పంపడం 'త్రాన్స్‌ఫెరెన్థియా'. ఏ.టి.ఎమ్. యంత్రం 'కహేరో ఔతొమాతికో'. కిటికీ వెనుకనున్న కాషియరు కూడా 'కహేరో'యే. నోట్లు 'బియేతెస్', చిల్లర నాణేలు 'మొనేదాస్'. మన యు.పి.ఐ. ప్రారంభమైన 2016లోనే అక్కడ 'బిథూం' అనే పద్ధతి వచ్చింది. టెలిఫోను నంబరు ఆధారంగా డబ్బు పంపుకొనే ఏర్పాటు అది. మేమున్న నాడు స్పెయిన్ బ్యాంకులో ఖాతా ఉంటేనే పనిచేసేది.

చుక్క, కామా చేసే చోద్యం

మాటలకన్న ప్రమాదకరమైనవి అంకెలు. స్పెయిన్‌లో వేలను విడదీయడానికి చుక్కనూ, దశాంశానికి కామానూ వాడడం పరిపాటి. ఆ విధంగా 1.500,50 అని ఉంటే వెయ్యిన్ని ఐదువందల యూరోల యాభై సెంట్లు. మన అలవాటు ప్రకారం ఒకటిన్నర అని చదువుకొంటే కొంప మునిగినట్లే. చేతి వ్రాతలో ఒకటి అంకెకు పైన పొడవైన కొక్కెం పెడతారు. అది మనకు ఏడు వలె తోస్తుంది. వారి ఏడుకు నడుమ అడ్డగీత ఉంటుంది. తేదీలు మాత్రం మన వలెనే రోజు, నెల, సంవత్సరం క్రమంలో వ్రాస్తారు.

చెవికి సంబంధించిన చిక్కు ఒకటున్నది. అరవై 'సెసెంతా', డెబ్బై 'సెతెంతా'. గబగబా పలికితే ఒకటి మరొకటిగా వినబడుతుంది. అందుచేత ఎంత మొత్తమైనా కాగితం మీద వ్రాయించుకొనడం ఉత్తమం. ఖాతా సంఖ్య చెప్పేటప్పుడూ అంతే. అక్కడి ఖాతా సంఖ్య 'ఇ.ఎస్.' అనే రెండు అక్షరాలతో మొదలై మొత్తం 24 స్థానాలు ఉంటుంది. విదేశీయులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్యను 'నియె' అంటారు. దానికి ముందొక అక్షరం, నడుమ ఏడు అంకెలు, చివర ఒక అక్షరం. ఈ రెండూ చిన్న కాగితం మీద వ్రాసి జేబులో ఉంచుకొంటే నోటికి శ్రమ తప్పుతుంది.

'సెగూరో' అన్న ఒక్క మాట

ఇంతవరకు చెప్పినవన్నీ నవ్వుకొనదగినవి. ఇక చెప్పబోయేది నవ్వు తెప్పించేది కాదు.

మా నలుగురిలో పెద్దవారు విజయనగరం ప్రాంతం వారు. పదవీ విరమణకు మూడేళ్ళ దూరంలో ఉన్నవారు. యంత్రం శబ్దం విని దాని జబ్బు చెప్పగల నేర్పరి. ఆయన ఖాతా కాగితాలు పూర్తి చేసే సమయంలో బ్యాంకు ఉద్యోగి ఏదో అడిగాడు. అందులో 'సెగూరో' అన్న మాట ఒకటే ఆయనకు చిక్కింది. 'సెగూరో' అంటే 'నిశ్చయమేనా' అని పాఠంలో చదువుకొన్నాము. ఖాతా తెరవడం నిశ్చయమే గదా అని ఆయన 'సీ, సీ, సెగూరో' అని తల ఊపి, చూపిన చోటల్లా సంతకం పెట్టారు.

'సెగూరో' అంటే నిశ్చయమే. కాని బ్యాంకులో ఆ మాటకు మొదటి అర్థం బీమా.

నెలకు 19 యూరోల చొప్పున ఆయన ఖాతానుంచి జీవిత బీమా ప్రీమియం కోత పడసాగింది. మొదటి నెలలోనే ఆయన గమనించారు. కాని మాకెవరికీ చెప్పలేదు. మూడవ కోత పడ్డ తరువాత ఒక రాత్రి భోజనాల వేళ మాట జారింది. ఎందుకు దాచారని అడిగితే, 'ముప్పై అయిదేళ్ళ సర్వీసు చేసినవాణ్ణి. చదవకుండా సంతకం పెట్టానని మీ ముందు ఎలా చెప్పుకోను?' అన్నారు. పోయినది యాభై ఏడు యూరోలు. ఆయనను కుంగదీసినది ఆ డబ్బు కాదు, నోరు ఉండి మూగవాడై నిలబడ్డానన్న అవమానం.

ఆ రాత్రి మేము నిఘంటువు ముందు పెట్టుకొని మూడు వాక్యాలు తయారు చేశాము. మేమే వెళ్ళి మాట్లాడుతామంటే ఆయన ఒప్పుకోలేదు. 'సంతకం నాది, మాట కూడా నాదే కావాలి' అన్నారు. తెల్లవార్లూ వల్లె వేసి, ఉదయం కిటికీ ముందు నిలబడి, ఒక్కొక్క మాటా మేకు దిగగొట్టినట్లు పలికారు: 'నో ఎ పెదీదో ఎస్తె సెగూరో. కియేరో అనులార్లో. మె లో ప్వేదె దార్ పోర్ ఎస్క్రీతో?' ఈ బీమా నేను అడగలేదు. దీనిని రద్దు చేయదలచినాను. ఆ సంగతి వ్రాతపూర్వకంగా ఇవ్వగలరా?

ఉద్యోగి ఆయన వంక కొంచెంసేపు చూసి, కాగితాలు తిరగవేసి, లోపలికి వెళ్ళి వచ్చాడు. ఆ నెలనుంచి బీమా రద్దయింది. రద్దయినట్లు కాగితమూ ఇచ్చారు. కట్టిన సొమ్ము మాత్రం తిరిగి రాలేదు. స్పెయిన్ చట్టం ప్రకారం ఆరు నెలలకు మించిన వ్యక్తిగత జీవిత బీమా ఒప్పందం నుంచి 30 రోజులలోగా కారణం చెప్పకుండానే వైదొలగవచ్చును. సిగ్గుపడి ఊరకున్న కాలంలో ఆ గడువు కాస్తా దాటిపోయింది. అడగందే అమ్మయినా పెట్టదన్నారు. సకాలంలో అడగకపోతే చట్టం కూడా పెట్టదు.

పది వాక్యముల కవచం

నాటినుంచి మేము వేటికైనా ముందు నేర్వవలసిన వాక్యాలని పదింటిని ఏరుకొన్నాము. వస్తువుల పేర్లు ఎన్ని వచ్చినా, ఈ పదీ రానివాడు బ్యాంకులో నిరాయుధుడే.

1. 'నో ఎంతియెందో' – నాకు అర్థం కాలేదు.
2. 'మాస్ దెస్పాథియో, పోర్ ఫబోర్' – కొంచెం నెమ్మదిగా, దయచేసి.
3. 'కిసియేరా అబ్రీర్ ఊనా క్వెంతా' – ఒక ఖాతా తెరవదలచినాను.
4. 'తియేనె కొమిసియోన్?' – దీనికి రుసుము ఉన్నదా?
5. 'ఎస్ ఒబ్లిగాతోరియో?' – ఇది తప్పనిసరియా?
6. 'ఆంతెస్ దె ఫిర్మార్, కియేరో లేఎర్లో' – సంతకానికి ముందు చదువుకొంటాను.
7. 'మె లో ప్వేదె దార్ పోర్ ఎస్క్రీతో?' – వ్రాసి ఇవ్వగలరా?
8. 'కే ఎస్ ఎస్తె కార్గో?' – ఈ కోత ఏమిటి?
9. 'ఎ పెర్దీదో లా తార్హేతా' – నా కార్డు పోయింది.
10. 'నో దోయ్ మిస్ క్లాబెస్ పోర్ తెలేఫోనో' – నా రహస్య సంఖ్యలు ఫోనులో చెప్పను.

ఇందులో ఐదవది బంగారం వంటిది. ఉద్యోగి 'ఒబ్లిగాతోరియో' కాదని ఒప్పుకొన్న క్షణంలో సగం అనవసరపు కాగితాలు బల్ల మీదనుంచి తొలగిపోతాయి. పదవదానికి నేడు మునుపెన్నడూ లేని అవసరం ఏర్పడింది. సమస్య తీరకపోతే ప్రతి బ్యాంకులోనూ ఖాతాదారుల ఫిర్యాదులు వినే విభాగం ఒకటి ఉంటుంది. ముందు అక్కడ వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. బ్యాంకు సేవల విషయంలో అక్కడా న్యాయం దొరకకపోతే ఆ దేశపు కేంద్ర బ్యాంకు అయిన 'బాంకో దె ఎస్పాన్యా'కు విన్నవించుకోవచ్చును.

ఏ.టి.ఎమ్. వద్ద ఒక జాగ్రత్త. మన దేశపు కార్డు పెడితే యంత్రం లెక్కను రూపాయలలో చూపించి, మార్పిడి తానే చేస్తానని ముందుకు వస్తుంది. సాధారణంగా ఆ మార్పిడి ధర మనకు నష్టమే. 'సిన్ కొన్బెర్సియోన్', అనగా మార్పిడి వద్దు, యూరోలలోనే కానివ్వండి అన్నది ఎన్నుకొనడం మేలు.

భాష వచ్చినవారికీ నోరు పెగలని వేళ

మా పెద్దాయన బీమా రద్దయిన నాడే మరొక దృశ్యం మా కంటబడింది. ఆ శాఖలో రొక్కం ఇచ్చేది ఉదయం పదకొండు వరకే. పదకొండున్నరకు ఒక వృద్ధురాలు పాసుపుస్తకం పట్టుకొని వచ్చింది. కిటికీ మూసి ఉన్నది. యంత్రం దగ్గరకు వెళ్ళమని చెప్పారు. ఆమె యంత్రం ముందు నిలబడి అటూ ఇటూ చూసి, పుస్తకం మాకు అందించి ఏదో అడిగింది. పరాయి మనిషి పుస్తకం, రహస్య సంఖ్య మేము ముట్టుకొనరాదు. అప్పుడు మా పెద్దాయనే తిరిగి ఉద్యోగి దగ్గరకు వెళ్ళి, 'పోర్ ఫబోర్, ప్వేదె అయుదార్ ఆ లా సెన్యోరా?' అన్నారు. అమ్మగారికి సహాయం చేయగలరా అని. ఉద్యోగి లేచి వచ్చాడు. స్పెయిన్ దేశపు స్త్రీకి స్పెయిన్ దేశపు బ్యాంకులో విజయనగరం మనిషి స్పానిష్‌లో సిఫారసు చేయవలసి వచ్చింది!

ఆమెకు భాష రాక కాదు. ఆమె భాష వినేవారు లేక. ఇది ఆమె ఒక్కర్తె బాధ కాదని రెండేళ్ళ తరువాత ప్రపంచానికి తెలిసింది. బలెన్సియా నగరానికి చెందిన కార్లోస్ సాన్ హువాన్ అనే విశ్రాంత వైద్యుడు, అప్పటికి 78 ఏళ్ళ వాడు, 'నేను ముసలివాణ్ణే గాని మూర్ఖుణ్ణి కాను' అన్న నినాదంతో, బ్యాంకులలో మనుషులు మనుషులతో మాట్లాడాలని సంతకాల ఉద్యమం ప్రారంభించాడు. ఆరు లక్షలకు పైగా సంతకాలు చేరాయి. 2022 ఫిబ్రవరి 8న వాటిని మాద్రిద్‌లో ప్రభుత్వానికి సమర్పించాడు. అదే నెల 21న బ్యాంకుల సంఘాలు ఒక ఒప్పంద పత్రం మీద సంతకాలు చేసి, ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 వరకు కిటికీల వద్ద సేవలు అందించడానికి అంగీకరించాయి. చేతులు వణికే వృద్ధుడు అడగగా మూసిన గవాక్షాలు తెరచుకొన్నాయి.

మన సంస్థలకేమి పని?

స్పానిష్‌తో మనకేమి పని అని కొందరు అడుగవచ్చును. ఇది 20 దేశాలలో అధికార భాష. మన ప్రభుత్వరంగ సంస్థలు ఆ దేశాలకు వెళ్ళడం క్రొత్త కాదు. ఓ.ఎన్.జి.సి. విదేశ్ సంస్థ 2008లో వెనెజువెలాలోని సాన్ క్రిస్తోబాల్ చమురు క్షేత్రంలో వాటా తీసుకొన్నది. నాల్కో, హిందుస్థాన్ కాపర్, ఖనిజాన్వేషణ సంస్థ ఎమ్.ఇ.సి.ఎల్. కలిసి స్థాపించిన ఖనిజ్ బిదేశ్ ఇండియా సంస్థ 2024 జనవరిలో అర్జెంటీనాలోని కతమార్కా రాష్ట్రంలో ఐదు లిథియం క్షేత్రాల అన్వేషణకు ఒప్పందం చేసుకొన్నది. ఎక్కడికి యంత్రం వెళ్ళినా వెనుక మనిషి వెళ్తాడు. మనిషి వెళ్ళిన చోట బ్యాంకు పని ఉండి తీరుతుంది.

అయితే స్పెయిన్ పాఠం యథాతథంగా అన్ని చోట్లా చెల్లదు. దక్షిణ అమెరికాలో డబ్బును 'దినేరో' అనేకన్న 'ప్లాతా' అనడం వాడుక. ఆ మాటకు అసలు అర్థం వెండి. అర్జెంటీనాలో 'తూ'కు బదులు 'బోస్' అంటారు. ఖాతా సంఖ్య 22 అంకెలతో వేరే తీరులో ఉంటుంది. కాని 'నో ఎంతియెందో', 'పోర్ ఎస్క్రీతో' అన్న రెండు మాటలు మాత్రం మాద్రిద్ నుంచి కతమార్కా వరకు ఒక్కటే. నేర్వదలచిన వారికి హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో స్పానిష్ బోధన ఉన్నది. న్యూఢిల్లీలో స్పెయిన్ ప్రభుత్వపు సెర్వాంతెస్ సంస్థ ఉన్నది.

తిరిగి మన కిటికీ దగ్గరకు

స్వదేశం తిరిగి వచ్చిన కొద్ది రోజులకు మా ఊరి బ్యాంకుకు వెళ్ళాము. ఒక రైతు కాగితం చేతపట్టుకొని వరుసలో వచ్చినవారినల్లా బ్రతిమాలుతున్నాడు. 'కాస్త రాసి పెట్టండి బాబూ!' మేము ఇన్నేళ్ళుగా అటువంటి కాగితాలు ఎన్నో వ్రాసి పెట్టినవారమే. గబగబా గళ్ళు నింపి, 'ఇక్కడ వేలిముద్ర వెయ్యి' అని వేలు చూపి, పుణ్యం చేశామనుకొన్నవారమే. అందులో ఏమున్నదో చదివి వినిపించినది మాత్రం ఒక్కసారి కూడా లేదు. 'ఫీర్మె అకీ' అన్న మాట అప్పుడు మా చెవిలో మ్రోగింది.

ఆనాడు ఆ కాగితాన్ని మొదటినుంచి చివరివరకు చదివి వినిపించాము. నడుమ ఒక చోట ఆయన ఆపి, 'అది తప్పనిసరా అండీ?' అని అడిగాడు. మా ఐదవ వాక్యమే! ఎవరూ నేర్పకుండానే ఆయనకు వచ్చును. ఇన్నాళ్ళూ ఆయనను అడగనిచ్చినవారు లేకపోయారు, అంతే.

బ్యాంకుల పత్రాలు, సూచనలు హిందీ, ఇంగ్లీషులతోపాటు ప్రాంతీయ భాషలో కూడా ఉండాలని భారతీయ రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆదేశం కాగితం మీదనుంచి కిటికీ దగ్గరకు రావాలంటే మనుషులు పూనుకోవాలి. మనమూ ఏదో ఒక కిటికీకి లోపలివైపున కూర్చొన్నవారమే. బిల్లు కట్టేవారో, నష్టపరిహారం అడిగేవారో, పింఛను కోసం వచ్చిన తోటి ఉద్యోగి భార్యో మన ముందుకు నిత్యమూ వస్తూనే ఉంటారు. వారు తల ఊపినంత మాత్రాన అర్థమైనదని అనుకోరాదు. ఆ తల ఊపులో అనేకసార్లు, అవమానానికి జంకి బయటికి రాని 'నో ఎంతియెందో' దాగి ఉంటుంది.

మా పెద్దాయన 2022లో పదవీ విరమణ చేశారు. బీమా రద్దయినట్లు బ్యాంకు ఇచ్చిన కాగితాన్ని ఆయన నేటికీ భద్రంగా దాచుకొన్నారు. అడిగిన వారందరికీ తీసి చూపిస్తారు. పోయిన యాభై ఏడు యూరోల సంగతి మాత్రం ఎత్తరు.